రాత్రి దగ్గర ఆగిన పద్యం

నా లాప్‌టాప్‌లో ఒక నవల ఉంది. నాది కాదు. అడిక్‌మెట్‌లో నాతో గది పంచుకున్న స్నేహితుడిది. పగలంతా అశోక్‌నగర్‌లో గ్రూప్-1 కోచింగ్, రాత్రి పదకొండు దాటాక నవల. అలా పదకొండు అధ్యాయాలు రాశాడు. ఉద్యోగమూ రాలేదు, నవలా అవలేదు. ఊరెళ్ళిపోతూ ఫైలు నాకు మెయిల్ చేసి "నువ్వేమన్నా చేస్కో రా" అన్నాడు. చేశాను. నాలుగు అధ్యాయాలు కలిపి, ముగింపు పెట్టి పంపాను. చదివి ఒక్క ముక్కే అన్నాడు: "బాగుంది. పన్నెండో అధ్యాయం నుంచి వేరే పుస్తకం."

ఆ మాట గుచ్చుకునే చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి వెళ్ళి అరణ్యపర్వం ముందేసుకుని కూర్చున్నాను. చుట్టూ అందరూ కరెంట్ అఫైర్స్ బట్టీ పడుతున్నారు. పక్కనున్న కుర్రాడు తొంగిచూసి "అన్నా, ఇది సిలబస్‌ల ఉన్నదా?" అని అడిగాడు. ఉందనే చెప్పాను.

మనం ఆదికావ్యం అని చెప్పుకునేదే మధ్యలో ఆగిపోయిన పుస్తకం. ఈ సంగతి స్కూల్లో చదివాం, మార్కులు తెచ్చుకున్నాం, ఆశ్చర్యపోవడం మాత్రం మర్చిపోయాం. పదకొండో శతాబ్దంలో రాజరాజనరేంద్రుడు అడిగితే నన్నయ భారతం మొదలుపెట్టాడు. ఆదిపర్వం, సభాపర్వం అయ్యాయి. అరణ్యపర్వం నాలుగో ఆశ్వాసంలో 142వ పద్యం దగ్గర ఆగిపోయింది. పదమూడో శతాబ్దంలో తిక్కన వచ్చి, ఆ మిగిలిన భాగం ముట్టుకోకుండా, విరాటపర్వం నుంచి చివరిదాకా పదిహేను పర్వాలు రాశాడు. ఎందుకు ముట్టుకోలేదో చెప్పే కథలు చాలానే ఉన్నాయి. అరణ్యపర్వం అచ్చిరాదని భయపడ్డాడన్నది వాటిలో ఒకటి. నాకు వాటిమీద పెద్ద నమ్మకం లేదు. తిక్కన తన విరాటపర్వం అవతారికలో నన్నయ మొదటి మూడు పర్వాలూ రాశాడనే చెప్తాడు. లెక్కలో మూడంటే మూడు. ఆ లెక్క మీద పండితులు వాదించుకున్నారు. నాకైతే అందులో ఒక మర్యాద కనిపిస్తుంది: పెద్దాయన పుస్తకంలోని ఖాళీని వేలెత్తి చూపకపోవడం.

ఆ ఖాళీ పద్నాలుగో శతాబ్దం దాకా, అంటే రెండున్నర శతాబ్దాలకు పైనే, అలాగే ఉంది. అప్పుడు ఎఱ్ఱన వచ్చాడు. ఆయన పూరించిన భాగాన్ని అరణ్యపర్వ శేషం అంటారు. శేషం మంచి మాట. భాగహారంలో మిగిలేదీ శేషమే, తీర్చాల్సిన రుణంలో మిగిలేదీ శేషమే.

ఇక అసలు సంగతి. నన్నయ చివరి పద్యంగా చెప్పుకునేది శరత్కాలపు రాత్రుల వర్ణన. వానలు వెళ్ళాయి, ఆకాశం తేటపడింది, చుక్కలు, వెన్నెల. ఎఱ్ఱన మొదటి పద్యం ఏమిటి? అదే శరత్తు, ఉదయం. మబ్బులు తొలగిన తెల్లవారు, ఎర్రటి లేత వెలుగు, విచ్చుకుంటున్న తామరలు. నన్నయ రాత్రి దగ్గర ఆపాడు, ఎఱ్ఱన తెల్లారగట్ల అందుకున్నాడు. రెండున్నర శతాబ్దాలు ఒక్క రాత్రిలో గడిచిపోయాయి.

ఇంకో విషయం ఉంది, ఇది చూసినప్పుడు మాత్రం లైబ్రరీ అని మర్చిపోయి పైకే ఏదో అనేశాను. నన్నయ పద్యం ఉత్పలమాల, ఎఱ్ఱనది చంపకమాల. గణాలు వేసి చూడండి. ఉత్పలమాల మొదటి గురువును రెండు లఘువులుగా విడగొడితే చంపకమాల వస్తుంది. మిగతా నడక అక్షరం తేడా లేకుండా అదే. ఎఱ్ఱన కావాలనే చేశాడని నేను రుజువు చేయలేను. ఈ రెండూ కవులు అస్తమానం వాడే వృత్తాలే. కానీ రెండు పద్యాలూ వెంటవెంటనే పైకి చదివితే ఆ అతుకు చెవికి తగలదు.

కొత్త టీమ్‌లో చేరినవాడు పాత ఫైలు తెరిచి మొదటి రోజే తన పద్ధతిలో అంతా తిరగరాయడం మేం రోజూ చూస్తాం, చేస్తాం కూడా. ఎఱ్ఱన అలా చేయలేదు. పొడవాటి సంస్కృత సమాసాలతో నన్నయలా మొదలుపెట్టి, మెల్లమెల్లగా తిక్కన తెలుగు వైపు జరిగాడు, అవతలి ఒడ్డున విరాటపర్వం ఉంది గనుక. కృతిని తన ప్రభువైన ప్రోలయ వేమారెడ్డికి ఇవ్వలేదు, ఎప్పుడో పోయిన రాజరాజనరేంద్రుడి పేరే ఉంచాడు. ఇంత వినయం చాలావరకు నైపుణ్యమేనని నా అనుమానం.

అయితే నన్నయను తలుచుకుని మన డ్రాఫ్టులకు ఓదార్పు వెతుక్కోవడం నాకు నచ్చదు. మనకోసం ఏ ఎఱ్ఱనా రాడు. మనకు దగ్గరివాడు గురజాడ. 1897లో అచ్చేసిన ఐదంకాల కన్యాశుల్కాన్ని 1909కి ఏడంకాలుగా తిరగరాశాడు. అంత ఓపిక ఉన్న మనిషే కొండుభట్టీయాన్నీ బిల్హణీయాన్నీ మధ్యలో వదిలేసి 1915లో వెళ్ళిపోయాడు. వాటిని చదివేటప్పుడు 'అయ్యో, పూర్తిచేసి ఉంటే' అనుకోకుండా ఉండలేం. చదివించే గుణం ఉంది కాబట్టే ఆ బాధ. అసంపూర్తిలోనే అందం ఉందని ఎవరైనా అంటే, కొండుభట్టీయం చివరి పేజీ తిప్పి, తర్వాతి కాగితం కోసం వేలు వెతుక్కునే ఆ క్షణం వాళ్ళకు తెలియదనుకుంటాను.

మా వాడి పదకొండో అధ్యాయం కూడా రాత్రి దగ్గరే ఆగింది. కరెంటు పోయిన గదిలో ఇద్దరు కుర్రాళ్ళు నిద్రపట్టక పడుకుని ఉంటారు, రేపు ప్రిలిమ్స్. నా పన్నెండో అధ్యాయం మొదటి వాక్యం 'మూడేళ్ళ తర్వాత' అని మొదలవుతుంది. పాత్రలను అక్కడి నుంచి ఎలా లేపాలో తెలియక మూడేళ్ళు దాటేశాను. తోచకపోవడాన్ని టెక్నిక్ అనుకున్నాను.

పోయిన ఆదివారం ఆ నాలుగు అధ్యాయాలూ తీసేశాను. వాడికి ఫోన్ చేసి, ఆ రాత్రి తర్వాత పొద్దున ఏమవుతుందని అడిగాను. "నాకేం తెలుసు, వదిలేసినా కదరా" అన్నాడు. అర్ధరాత్రి దాటాక మెసేజ్ వచ్చింది: "కరెంటు నాలుగింటికి వచ్చింది. ఫ్యాన్ చప్పుడుకి మనిద్దరం లేచినం. యాదిలేదా?"