మూడవ జార్జి వ్యాధి: ఒక వాదము - దాని బలాబలాలు

బ్రిటిష్ రాజు మూడవ జార్జి 1760 నుండి 1820 వరకు రాజ్యం చేసినాడు. 1788లో కడుపునొప్పితో మొదలైన జబ్బు కొన్ని నెలలలో ఆయన మతిని చెదరగొట్టినది. వైద్యులు చేతులు కదలకుండ బిగించే అంగీ తొడిగి ఆయనను అదుపులో ఉంచినారు. 1789లో నయమైనా, జబ్బు 1801లోను, 1804లోను తిరుగబెట్టి, 1810 తరువాత ఆయనను విడువలేదు. చరిత్రలో ఆయనకు పిచ్చిరాజనే పేరు మిగిలినది.

ఈ పేరును తుడిచివేయబూనినవారు ఐడా మెకాల్పైన్, రిచర్డ్ హంటర్ అనే తల్లీకొడుకులు. ఇద్దరూ మానసిక వైద్యులే. రాజుకు వచ్చినది మనోవ్యాధి కాదనీ, హీమ్ తయారీలో లోపంవల్ల కలిగే పోర్ఫిరియా అనీ 1966లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లోను, 1969లో "జార్జి ది థర్డ్ అండ్ ది మ్యాడ్ బిజినెస్" అనే గ్రంథంలోను వారు వాదించినారు.

వాదాన్ని తూచవలెనంటే ముందు హీమ్ సంగతి తెలియవలె. హీమోగ్లోబిన్‌లో ఇనుమును పట్టి ఉంచే భాగమే హీమ్. ఇది ఎక్కువగా ఎముకల మూలుగలోను, కొంత కాలేయంలోను తయారవుతుంది. గ్లైసీన్ అనే అమైనో ఆమ్లం సక్సినైల్ కోఎంజైమ్-ఎతో కలియడంతో పని మొదలవుతుంది. ఎనిమిది ఎంజైములు వరుసగా పనిచేయగా, చివరి మెట్టులో ఇనుము వచ్చి చేరుతుంది. నడుమ ఒక ఎంజైము కొరవడితే, వాగుకు అడ్డుకట్ట వేసినట్లు, దానికి ముందరి పదార్థాలు పేరుకొంటవి.

మూడవ ఎంజైము సగానికి తగ్గినప్పుడు కలిగేది తీవ్ర సవిరామ పోర్ఫిరియా. ఈ లోపం ఉన్నవారిలో చాలామందికి జబ్బు ఎన్నడూ బయటపడదు. కొన్ని మందులు, ఉపవాసం, మద్యం మొదలైనవి కాలేయంలోని మొదటి ఎంజైమును రెచ్చగొట్టినప్పుడు పోర్ఫోబిలినోజెన్ పోగుపడి కడుపునొప్పి, మలబద్ధం, గుండెదడ, కాళ్ళుచేతుల బలహీనత, మతి తప్పడం కలుగుతవి. మూత్రం నిలువ ఉంచితే ముదురు ఎరుపుకు తిరుగుతుంది.

రాజవైద్యుల వ్రాతలలో ఇట్టి లక్షణాలు పెక్కు కనిపించుట నిజమే. ఆ వ్రాతప్రతులను ఓపికతో పరిశోధించి, ఆనాటి మతిభ్రమణ చికిత్సల తీరును వెలికితీసినందుకు గ్రంథకర్తలు ప్రశంసార్హులు. అయితే పోలిక వేరు, నిరూపణ వేరు.

వాదంలోని మొదటి లోటు ఎంపిక. వ్యాధికి సరిపడే లక్షణాలకు ఇచ్చిన ప్రాముఖ్యం సరిపడని వాటికి దక్కలేదు. రాజు మూత్రం నీలంగా ఉన్నదన్న మాటను సాక్ష్యంగా చూపుతారు. కాని ఈ వ్యాధిలో కనిపించే రంగు ఎరుపు లేక గోధుమ. రెండవది వయస్సు. ఈ వ్యాధి సాధారణంగా యౌవనంలో, అందులోను స్త్రీలలో ఎక్కువగా బయటపడుతుంది. రాజుకు మతి తప్పినది యాభయ్యవ ఏట. మూడవది మాట మార్పు. 1966లో తీవ్ర సవిరామ పోర్ఫిరియా అన్నవారే 1968లో అది ఏడవ ఎంజైముకు సంబంధించిన మరొక రకమన్నారు. నాల్గవది వంశవృక్షం. 1625లో మరణించిన మొదటి జేమ్స్ రాజు మూత్రం ద్రాక్షసారా రంగులో ఉండెడిదని వైద్యుడు వ్రాసిన మాట వారికి ఆధారం. మూత్రపిండాలలో రాళ్ళున్నా మూత్రం ఎర్రబడుతుంది కదా!

2005లో రాజు వెంట్రుకలను పరీక్షించగా ఆర్సెనిక్ అధికంగా కనబడినది. అది పోర్ఫిరియాను రెచ్చగొట్టి ఉండవచ్చునని కొందరు ఊహించినారు. కాని ఆర్సెనిక్ ఉన్నదనుట ఎంజైము లోపించినదనుట కాదు. 2010లో పీటర్స్, విల్కిన్సన్ అనేవారు పాత వ్రాతలను తిరిగి పరిశీలించి, పోర్ఫిరియా వాదం నిలువదని తేల్చినారు.

అయినా 1994లో వచ్చిన చలనచిత్రం మూలంగా ఈ కథ లోకంలో స్థిరపడినది. ఇందులో మరొక చిక్కు ఉన్నది. శరీరవ్యాధి అని తేలితే రాజు పరువు నిలిచినట్లనుకొనుటలో, మనోవ్యాధి పరువు తక్కువ అన్న భావం దాగి ఉన్నది. ఏ రోగమూ రోగి తప్పు కాదు.

నేటి రోగి విషయంలో ఊహలతో పనిలేదు. నొప్పి వచ్చినప్పుడు మూత్రంలో పోర్ఫోబిలినోజెన్‌ను కొలిస్తే చాలును. ఆ పరీక్ష తలపునకు రాకపోతే అనవసరంగా కడుపు కోయడమో, హానిచేసే మందులివ్వడమో జరుగుతుంది. తెలిస్తే, నరంలోకి హీమ్ ఎక్కించి మొదటి ఎంజైము ఉధృతిని అణచవచ్చును. తరగతిలో మూడవ జార్జి కథ చెప్పే ఉపాధ్యాయులు దానిని తేలిన సత్యంగా గాక, సాక్ష్యాన్ని తూచే అభ్యాసంగా చెప్పుట మేలు.