వెతికేవారే పరిశోధకులు

1990ల తొలినాళ్లలో నెల్లూరు జిల్లాలో అక్షరదీపం పేరుతో సాక్షరతా ఉద్యమం నడిచింది. వాచకంలో ‘సీతమ్మ కథ’ అని ఒక పాఠం ఉండేది, సారా చుట్టూ తిరిగే కథ. ఆ జిల్లాలోని దూబగుంట అనే ఊరి ఆడవాళ్లు ఆ పాఠం చదివి పుస్తకం మూసెయ్యలేదు. ఇది మన ఇళ్ల కథే కదా అని మాట్లాడుకున్నారు, ఊళ్లో సారాను అడ్డుకున్నారు. ఆ కదలిక ఊరూరా పాకి, 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధానికి దారితీసింది. అక్షరాలు దిద్దుకునే చోటే వాళ్లు తమ బతుకును తరచి చూసుకున్నారు.

ఈ మేలుకొలుపు వెనుక ఉన్న సూత్రానికి పరిశోధనా రంగంలో ఒక పరంపర ఉంది. బి.ఇడి. చదివినవారికి చర్యాత్మక పరిశోధన అనే మాట తెలిసిందే. దానికి పునాది వేసిన కర్ట్ లెవిన్ 1946లో రాసిన వ్యాసంలో ఒక వలయాన్ని ప్రతిపాదించాడు: పథకం వేయడం, అమలు చేయడం, ఏం జరిగిందో చూసుకుని మళ్లీ పథకం దిద్దుకోవడం. 1963లో బ్రెజిల్‌లోని అంజికోస్‌లో విద్యావేత్త పాలో ఫ్రెయిరీ బృందం సుమారు 300 మందికి 40 గంటల్లో చదవడం, రాయడం నేర్పే ప్రయోగం చేసింది. పాఠానికి మాటలను పుస్తకాల నుంచి తేలేదు, ఆ జనం నోట రోజూ నలిగే మాటలనే ఏరుకుంది. కొలంబియాలో సామాజిక శాస్త్రవేత్త ఓర్లాండో ఫాల్స్ బోర్డా రైతులతో కలిసి వాళ్ల భూపోరాటాల చరిత్రను సేకరించాడు. దాన్ని చదువుకున్నవాళ్ల పత్రికలకే పరిమితం చేయకుండా, బొమ్మల కథలుగా వేయించి రైతుల చేతికే తిరిగి ఇచ్చాడు. మన దేశంలో రాజేశ్ టాండన్ 1982లో ‘ప్రియా’ సంస్థను స్థాపించి ఈ దారిని ముందుకు నడిపారు. ఈ బాటలో సాగేదే భాగస్వామ్య చర్యాత్మక పరిశోధన. సమస్య ఎవరిదో, పరిశోధనలో పెద్దపీట వాళ్లదే.

సమాచారాన్ని వెతికి, తూచి, సరిగ్గా వాడుకునే నేర్పే సమాచార అక్షరాస్యత. దాని బోధనకు ఇప్పుడు కావలసింది సరిగ్గా ఇదే. 1974లో పాల్ జుర్కౌస్కీ ‘సమాచార అక్షరాస్యత’ అనే మాటను వాడుకలోకి తెచ్చాడు. 2000లో అమెరికాలోని కళాశాల, పరిశోధన గ్రంథాలయాల సంఘం దీనికి ఐదు ప్రమాణాలు ప్రకటించింది. 2016లో వాటిని పక్కనపెట్టి, ఆరు మూల భావనల చట్రాన్ని ఆమోదించింది. ఒక సమాచారానికి ప్రామాణికత ఎక్కడి నుంచి వస్తుంది, సందర్భాన్ని బట్టి అది ఎలా మారుతుంది అన్నది వాటిలో ఒకటి. ఇంత లోతైన ప్రశ్నను ఒక గంట ఉపన్యాసంతో, ‘నమ్మదగిన సైట్లు ఇవి’ అనే పట్టికతో తేల్చెయ్యలేం.

ఒక డిగ్రీ కాలేజీని ఊహించుకుందాం. లైబ్రేరియన్ పాఠం చెప్పడానికి ముందు పిల్లలను ఒక పని అడుగుతారు: వారం రోజులు డైరీ రాయండి. ఏ సమాచారం ఎవరి నుంచి వచ్చింది, నమ్మారా, ఎందుకు నమ్మారు? వారం తర్వాత పేర్లు లేకుండా ఆ చీటీలన్నీ గోడకు అంటిస్తారు. పిల్లలే వాటిని గుంపులుగా సర్దుతారు. పరీక్ష వాయిదా పడిందన్న పుకారు ఒక గుంపు. స్కాలర్‌షిప్ గడువు ఇంకో గుంపు. కషాయంతో షుగర్ తగ్గుతుందన్న వాట్సాప్ సందేశాలు మరో గుంపు. చూస్తూండగా ఒక సంగతి బయటపడుతుంది. ఆ కషాయం సందేశం అబద్ధమేమోనని చాలామందికి అనుమానం వచ్చింది. కానీ పంపింది పెద్దమ్మ, ఎదురు అడిగితే బాగుండదని ఊరుకున్నారు.

ఇక్కడే పాఠం దారి మారుతుంది. ‘నిజమో కాదో ఎలా తెలుసుకోవాలి’ అన్నదానికి తోడు ‘పెద్దమ్మ మనసు నొప్పించకుండా ఎలా అడగాలి’ అన్న ప్రశ్న లేస్తుంది. “పెద్దమ్మా, ఇది నీకు ఎవరు పంపారు? డాక్టరుగారిని ఒకసారి అడిగి చూద్దామా?” అనే మాటను పిల్లలే తయారుచేసి, ఇంట్లో వాడి చూసి, మరుసటి వారం ఏం జరిగిందో చెబుతారు. అది రెండో వలయానికి మొదలు. ఏ పాఠ్యపుస్తకమూ ఇవ్వలేని జ్ఞానం ఇది. ఇల్లు తెలిసినవాళ్లే దాన్ని కనిపెట్టగలరు.

ఈ పద్ధతికి కొన్ని కట్టుబాట్లు తప్పనిసరి. మార్కులు వేసే చెయ్యే ప్రశ్న కూడా అడుగుతుంటే పిల్లలు నిజం రాయరు. అందుకే డైరీకి మార్కులు ఉండకూడదు. ఎవరి అనుభవాన్ని బయటపెట్టాలన్నా వాళ్ల అంగీకారం కావాలి. తేలిన ఫలితం ముందు వాళ్ల చేతికే అందాలి, ఫాల్స్ బోర్డా బొమ్మల కథల్లా. ఒక్క సెమిస్టరుకు రెండు వలయాలు దాటకపోవచ్చు. అయినా తొందరపడకూడదు.

ఒక కాలేజీలో తేలింది ఇంకో కాలేజీకి వర్తిస్తుందా అని పండితులు అడుగుతారు. ఫలితం అచ్చంగా వర్తించకపోవచ్చు. పద్ధతి మాత్రం వర్తిస్తుంది. ఉదాహరణకు, ఉపాధి హామీ సామాజిక తనిఖీల్లో మస్టర్ రోల్‌ను, అంటే కూలీల హాజరు పట్టీని, గ్రామసభలో పైకి చదివి వినిపిస్తారు. పని చేసినవాళ్లూ, చేయకుండానే పేరు ఎక్కినవాళ్లూ అందరి ఎదుట తేలిపోతారు. ఏ ఊరి లెక్క ఆ ఊరిదే, చదివే తీరు మాత్రం అన్ని ఊళ్లకూ ఒకటే.

ఫోనులో క్షణానికొక సందేశం వచ్చిపడే రోజులివి. ప్రతి అబద్ధాన్నీ ఖండించే గురువు ప్రతి విద్యార్థి పక్కనా ఉండలేడు. దూబగుంట ఆడవాళ్లు పాఠం చదివి ఊరుకోలేదు. చదివినదాన్ని తమ గుమ్మం దాకా తెచ్చుకుని, పదిమందిలో పెట్టి మాట్లాడుకున్నారు. ఆ అలవాటును మన తరగతులకూ, గ్రంథాలయాలకూ తేవాలి. మొదటి రోజు పాఠాన్ని ఒక్క ప్రశ్నతో మొదలుపెడితే చాలు: ‘ఈ వారం మీరు నమ్మినది ఏమిటి, ఎవరు చెబితే నమ్మారు?’