ఎండిన చెరువులో నిండు పని

నీళ్లడుగంటిన చెరువును చూస్తే పట్నం మనిషికి జాలి కలుగుతుంది. పల్లె పెద్దలకు పని గుర్తొస్తుంది. నెర్రెలిచ్చిన చెరువు నేల మీద బండి తోలొచ్చు, పార దించొచ్చు, తూములోకి దిగి చూడొచ్చు, కట్టను పాదం నుంచి నెత్తి దాకా పరీక్షించొచ్చు. నీళ్లు నిండుగా ఉన్నప్పుడు ఇవేవీ కుదరవు. అందుకే ఉగాది దాటాక మొదలుపెట్టి, రోళ్లు పగిలే రోహిణి నాటికి ముగించి, మృగశిర చినుకుకు చెరువును సిద్ధం చేయడం తెలంగాణ, రాయలసీమ పల్లెలు నేర్చుకున్న విద్య. చెరువును కట్టేది ఒక్కసారే. నిలబెట్టుకునేది మాత్రం ఏటేటా, ఈ ఎండల్లోనే.

మొదటి పని పూడిక. వాగులు, ఒర్రెలు మోసుకొచ్చిన మట్టి ఏటా ఒక పొరగా పేరుకుని నీళ్లుండాల్సిన చోటును తినేస్తుంది. రైతు దాన్ని ఒండ్రు అంటాడు, ఎరువుగా చూస్తాడు. ఆకులలములు, పశువుల పేడ, సన్నని బంకమట్టి కలిసిన ఆ నల్లమట్టిని చెలకలో తోలితే, పడ్డ వానను పడ్డట్టే జార్చే ఎర్రనేలకు తేమ పట్టే గుణం వస్తుంది. వాన మొహం చాటేసినా పైరు మరికొన్నాళ్లు తట్టుకుంటుంది. చెరువుకు లోతు, చేనుకు బలం. ఒకే బండెడు మట్టితో రెండూ అయ్యేవి కాబట్టి, మట్టి కావలసినవాడే తవ్వి తోలుకుపోయేవాడు.

తవ్వకానికీ హద్దులున్నాయి. కట్ట పాదం దగ్గర పార పడకూడదు. అడుగున ఉన్న గట్టి బంకపొరను చీల్చకూడదు. చీలిస్తే నిలిచిన నీళ్లు నేలలోకి జారిపోతాయి. ఒకేచోట నిలువు గొయ్యి తీస్తే రేపు నీళ్లొచ్చాక పశువుకూ పిల్లవాడికీ అదే గండం. పలచగా, వాలుగా తీసుకుంటూ పోవాలి. యంత్రాలతో తవ్వేటప్పుడు మొదట చెరిగిపోయేవి ఈ హద్దులే.

రెండో పని కట్ట. ఎలుకలు, ఎండ్రకాయలు చేసిన బొరియలు, చెదపుట్టలు, వానకు పడ్డ గాడులు వెతికి మట్టి దట్టించాలి. గరిక ఉంటే ఉంచాలి, అది మట్టిని పట్టి ఉంచుతుంది. పెద్ద చెట్టును మాత్రం కట్టలో ఎదగనివ్వకూడదు. బతికున్నంత కాలం వేరు కట్టను చీలుస్తుంది. చచ్చాక కుళ్లి, నీటికి సొరంగమవుతుంది. లోపలివైపు అలల దెబ్బకు జారిన రాళ్లను తిరిగి పేర్చాలి. నీళ్లు నిలిచే నేల అయిన శిఖంలో సర్కారు తుమ్మను, లొట్టపీసును వేళ్లతో సహా పెకిలించాలి.

మూడో పని తూము, అలుగు. తూము ఎంత నీళ్లివ్వాలో చెబుతుంది, అలుగు ఎంత ఆపాలో చెబుతుంది. తూము గడప కన్నా కింద మిగిలే నీళ్లు పొలానికి పారవు. మండుటెండల్లో పశువులకు, పక్షులకు, చేపలకు దక్కేది ఆ అడుగు నీరే. తెలంగాణలో మత్తడి అని పిలిచే అలుగు మీద ఆశకొద్దీ జానెడు మట్టి పోసి ఎత్తు పెంచితే, ఎగువ పొలాలు మునుగుతాయి. వరదొచ్చిన రాత్రి కట్టకే గండి పడుతుంది.

ఆ గండి ఒక్క ఊరితో ఆగదు. మన చెరువుల్లో చాలావాటిది గొలుసుకట్టు: పై చెరువు అలుగు దూకిన నీళ్లే కింది చెరువుకు ఆదరువు. ఎగువ ఊరు బొరియ పూడ్చడం మరిస్తే, దిగువ ఊరి కట్ట మీద రెండు చెరువుల వరద పడుతుంది. మధ్యలో కాలువను ఎవరైనా దున్నుకుంటే, కింద చెరువు నిండు వానలోనూ ఖాళీగా ఉంటుంది.

ఇదంతా కనిపెట్టి ఉండటానికి ఒక మనిషి ఉండేవాడు. తెలంగాణలో నీరటి, రాయలసీమలో నీరుగంటి. తూము తీయడం, మూయడం, పిల్లకాలువల్లో వంతుల ప్రకారం నీళ్లు వదలడం, వానరాత్రి కట్ట మీద కాపలా కాయడం అతని పని. ప్రతిఫలం కళ్లంలో ధాన్యం, కొన్నిచోట్ల ఇనాం భూమి. చెరువు తవ్వించినవారికీ, మరమ్మతు భారం మోసేవారికీ దశబంధం పేరుతో మాన్యాలు ఇచ్చినట్టు శాసనాలున్నాయి. యాసంగికి ముందు చెరువులో ఉన్న నీళ్లను బట్టి ఎంత ఆయకట్టుకు ఇవ్వగలరో తేల్చుకునే తైబందీ కూడా ఈ లెక్కలోదే. నీళ్లు తగ్గినప్పుడు సాగును తగ్గించుకోవడం కరవును ఎదుర్కొనే ఉపాయాల్లో అన్నిటికన్నా చవకైనది, అన్నిటికన్నా కష్టమైనది.

ఈ విద్యకు రాతసాక్ష్యం కడప జిల్లా పోరుమామిళ్లలో ఉంది. విజయనగర రాజు బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూర 1369లో వేయించిన సంస్కృత శాసనం, వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు రెండేళ్లు పనిచేస్తే ఆ చెరువు పూర్తయిందని చెబుతుంది. మంచి చెరువుకు కావలసిన 12 అంగాలను, తగలకూడని ఆరు దోషాలను లెక్కపెడుతుంది. కట్ట ఊరడం, నేల చవుడు కావడం, చెరువు మధ్యలో మెట్ట ఉండటం కంటికి కనిపించే దోషాలు. నీళ్లు కొద్ది పొలం మెండు కావడం, పొలం కొద్ది నీళ్లు మెండు కావడం లెక్క తప్పిన దోషాలు. ఆరోది ఆలోచింపజేస్తుంది: రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండటం. నాదంటే నాదని పోట్లాడుకునే చోట చెరువును బాగుచేసేవాడు ఉండడని ఆ శాసనం రాయించినవారికి తెలిసి ఉండాలి.

రాజ్యాలు పోయినా ఆ దోషం పోలేదు. బోరుబావి వచ్చాక ఎవరి నీళ్లు వారివయ్యాయి. చెరువు అందరిదీ అయి, ఎవరిదీ కాకుండా పోయింది. నీరటి వంతు చెరిగిపోయింది, శిఖంలో పట్టాలు పుట్టాయి. అయితే ఆ బోరుకు ఊట ఇచ్చేది కూడా చెరువులోంచి ఇంకిన నీళ్లే. 2015లో తెలంగాణ ప్రభుత్వం 46,531 చెరువులను లెక్కతేల్చి మిషన్ కాకతీయ మొదలుపెట్టింది. పూడిక మట్టి మళ్లీ చేలకెక్కింది. కానీ చెరువు ఒక్క పథకంతో తీరే బాకీ కాదు. మరుసటి వానకే మళ్లీ ఒండ్రు చేరుతుంది, ఎండ్రకాయ మళ్లీ బొరియ చేస్తుంది.

చెరువు కట్ట మీద మైసమ్మ ఉంటుంది. మొక్కు తీర్చుకోవడానికి, బతుకమ్మను సాగనంపడానికి ఊరు ఏటా ఆ దారిన నడుస్తుంది. కట్ట ఎక్కడ కుంగిందో, అలుగు రాయి ఎక్కడ కదిలిందో ఆ నడకలో నలుగురి కంట పడుతుంది. ఆ నడక వేసవిలోనూ ఒకసారి జరగాలి, ఈసారి చేతిలో పారతో.