జనం పెరిగారా, గీత జరిగిందా?

2001 జనగణనలో హైదరాబాద్ కార్పొరేషన్ జనాభా 36 లక్షలు. 2011లో 67 లక్షలు. పదేళ్లలో నగరం ఇంత పెరిగిందని బళ్లో చెబుతున్నాం. అది సగం నిజమే. 2007లో ఉప్పల్ కలాన్, కాప్రాతో సహా 12 మున్సిపాలిటీలను, 8 గ్రామ పంచాయతీలను కలిపి జీహెచ్‌ఎంసీ చేశారు. ఒక్క ఉప్పల్ కలాన్‌లోనే 2001 నాటికి లక్షా 18 వేల మంది ఉన్నారు. వాళ్లు నగరానికి రాలేదు, నగరపు గీతే వాళ్లను దాటి పోయింది.

మన లెక్కా ఇంతే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1971లో ఎస్టీలు సుమారు 16.6 లక్షలు, 1981లో 31.8 లక్షలు. పదేళ్లలో పుట్టుకలు రెట్టింపు కాలేదు. 1976 చట్టంతో ప్రాంతపు ఆంక్షలు తొలగాయి, తెలంగాణ లంబాడీలు జాబితాలో చేరారు. ఇది ఎవరి హక్కునూ తప్పుపట్టడం కాదు, అంకెను చదివే తీరు గురించి చెప్పడం.

గీత పెంచినట్టే తుడిచేస్తుంది కూడా. జార్ఖండ్ నుంచి ఒక సంతాల్ యువకుడు నాచారం పారిశ్రామికవాడకు పనికొస్తే, ఇక్కడి జనగణనలో అతను ఎస్టీ కాడు. ఆ తెగ పేరు తెలంగాణ జాబితాలో లేదు. మనిషి ఉంటాడు, ఆదివాసీ మాయమవుతాడు. మన తండాల లంబాడీ భాషనూ 2011 లెక్కల్లో హిందీ కిందే కలిపారు.

అందుకే ఏ జనాభా పట్టిక చూసినా ముందు ఒకటే అడుగుదాం: మారింది జనమా, గీతా? వచ్చే జనగణనలో తెగ పేరు, తల్లిభాష పేరు మన నోటితో మనమే రాయిద్దాం.