శిష్యురాలి లెక్క

లూకా సువార్త పద్నాలుగో అధ్యాయంలో ఏసు శిష్యత్వానికి చెల్లించాల్సిన మూల్యం గురించి మాట్లాడతాడు. తన వెంట రాదలచినవాడు తండ్రినీ తల్లినీ, భార్యనూ పిల్లలనూ, అన్నదమ్ములనూ అక్కచెల్లెళ్లనూ, చివరికి సొంత ప్రాణాన్నీ కాదనుకోవడానికి సిద్ధపడాలంటాడు. గోపురం కట్టదలచినవాడు ముందుగా కూర్చుని, ఖర్చుకు సరిపడా ఉందో లేదో లెక్క చూసుకోడా అని అడుగుతాడు. ఎన్నో ప్రసంగాలకు ఆధారమైన ఈ భాగాన్ని స్త్రీలుగా చదివినప్పుడు ఒక చిన్న విషయం దగ్గర ఆగిపోతాం. వదులుకోవాల్సినవాళ్ల జాబితాలో భార్య ఉంది. భర్త లేడు.

అంటే ఇక్కడ శిష్యుడు పురుషుడేనని ముందే అనుకున్నారన్నమాట. అతను ఇల్లు విడిచి వెళ్లగలడు. విడిచిన ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగించారో సువార్త చెప్పదు. అదే లూకా ఎనిమిదో అధ్యాయంలో మగ్దలేనే మరియ, యోహన్న, సూసన్న తమ సొంత ఆస్తి ఖర్చుపెట్టి ఏసు బృందాన్ని పోషించారని ఉంది. అయినా పన్నెండుమంది లెక్కలో వాళ్లు లేరు. కొత్త నిబంధన మొత్తంలో 'శిష్యురాలు' అనే మాట ఒక్కచోటే వస్తుంది, అపొస్తలుల కార్యములలో, యొప్పేలో ఉండే తబితా గురించి. ఆమెకే దొర్కా అని ఇంకో పేరు. ఆమె చనిపోయినప్పుడు విధవరాండ్రు ఏడుస్తూ ఆమె కుట్టిపెట్టిన అంగీలను చూపిస్తారు. ఆమె శిష్యత్వానికి సాక్ష్యం ఆ బట్టలే.

ఈ మూల్యం గురించి ఇరవయ్యో శతాబ్దంలో ఎంతో గట్టిగా రాసినవాడు జర్మన్ లూథరన్ పాస్టర్ డీట్రిక్ బాన్‌హోఫర్. 1937లో వచ్చిన పుస్తకంలో ఆయన చవకబారు కృపకూ ఖరీదైన కృపకూ తేడా చెప్పాడు. హిట్లర్‌ని ఎదిరించినందుకు 1945 ఏప్రిల్ 9న ఆయన్ని ఉరితీశారు. కాబట్టి ఆ మాటల నిజాయితీని శంకించాల్సిన పని లేదు. నా ప్రశ్న వేరు. చర్చి సభ్యత్వం పుట్టుకతో అప్పనంగా వచ్చే దేశంలో కూర్చుని ఆయన రాశాడు. అక్కడ కృప చవకైపోయి ఉండొచ్చు. వాడలో పుట్టి బాప్తిస్మం తీసుకున్న పుత్తూరు స్త్రీకి అది ఎప్పుడు చవగ్గా దొరికింది?

పుత్తూరు అనగానే అందరికీ ఎముకలకు వేసే కట్టు గుర్తొస్తుంది. ఇది పాత లూథరన్ మిషన్ ఊరు కూడా. జర్మనీలోని హెర్మన్స్‌బర్గ్ నుంచి వచ్చిన మిషనరీలు పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో దక్షిణ తెలుగు ప్రాంతంలో పనిచేశారు. మొదటి ప్రపంచయుద్ధం నాటి నుంచి అమెరికన్ లూథరన్లు ఆ పనిని అందుకున్నారు. సంఘాల్లో చేరినవాళ్లలో ఎక్కువమంది మాల మాదిగలు. మిషన్ చరిత్రల్లో దొరల పేర్లు, తేదీలతో సహా ఉంటాయి. ఇంటింటికీ నడిచి, ఆడవాళ్లకు అక్షరాలూ వాక్యమూ నేర్పిన బైబిలు స్త్రీలు మాత్రం తరచూ ఒక అంకెగానే మిగిలిపోయారు.

ఈ ఖాళీని సాహిత్యం పూరించిందా? జి. కళ్యాణరావు 'అంటరాని వసంతం' (2000) దళిత క్రైస్తవ జీవితాన్ని తరాల పొడవునా చెప్పిన నవల. మతం మార్పిడి వెనక కరువూ ఆకలీ ఉన్నాయని, మతం మారినా కులం వెంటాడిందని అది దాపరికం లేకుండా చూపించింది. శివయ్య సీమోను అవుతాడు గానీ అంటరానితనం పోదు. ఈ కథంతా మనకు రూతు జ్ఞాపకాల ద్వారా అందుతుంది. ఇది రచయిత చేసిన మంచి పని. అయితే ఆ జ్ఞాపకంలో ఎక్కువ భాగం భర్త రూబేను చెప్పగా విన్నది, అతని వంశానిది. ఎల్లన్న పాట, శివయ్య నడక, రూబేను అన్వేషణ అన్నీ మనకు తెలుస్తాయి. రూతు విశ్వాసానికి రూతు ఏం చెల్లించిందన్న ప్రశ్న మాత్రం నవల ముగిసినా మిగిలే ఉంటుంది. ఆమె చరిత్రను మోసింది. ఆ చరిత్రకు కర్త కాలేకపోయింది.

మనకు పొరుగునే ఉన్న తమిళంలో బామ 'కరుక్కు' (1992) రాసింది. కన్యాస్త్రీగా చేరి, మఠంలోని కులవివక్షను చూసి బయటికొచ్చిన దళిత స్త్రీ తన లెక్క తానే చెప్పుకుంది. రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి చదివితే, ఒకరి జ్ఞాపకాన్ని కాపాడడానికీ తన అనుభవాన్ని తాను చెప్పడానికీ ఉన్న దూరం తెలుస్తుంది.

తెలుగులో ఆ లెక్క రాయాలంటే మొదట కాగితాల దగ్గరికి వెళ్లాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రంలో మతం మారిన దళితులు బీసీ-సీలోకి వెళ్తారు. అక్కడున్న కోటా 1 శాతం. అందుకే మా వైపు చాలామందికి చర్చిలో ఒక పేరు, బడి రిజిస్టరులో ఒక పేరు. బిడ్డకు హాస్టల్ సీటు కోసం ఏ పేరు రాయించాలో తేల్చుకునేది చాలా ఇళ్లలో తల్లే. విశ్వాసాన్ని దాచిన నింద ఆమెదే, బిడ్డ చదువు ఆగితే ఆ నిందా ఆమెదే. 2024 నవంబరులో సుప్రీంకోర్టు పుదుచ్చేరికి చెందిన ఒక స్త్రీకి ఎస్సీ ధ్రువపత్రం నిరాకరిస్తూ, ఆమె క్రమం తప్పకుండా చర్చికి వెళ్లడాన్ని కూడా పరిగణించింది. ఆదివారపు ప్రార్థన కోర్టులో ఆమెకు వ్యతిరేకంగా సాక్ష్యమైంది. దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ తీర్మానించింది గానీ ఉత్తర్వు మారలేదు.

రెండో లెక్క ఇంటిది. 1869 నాటి విడాకుల చట్టం ప్రకారం క్రైస్తవ భర్తకు భార్య వ్యభిచారం ఒక్కటి రుజువు చేస్తే చాలు. భార్య మాత్రం దానికి తోడు క్రూరత్వమో, విడిచిపెట్టి వెళ్లడమో కూడా రుజువు చేయాల్సి వచ్చేది. ఇది సవరణకు నోచుకున్నది 2001లో. చట్టం మారినా సలహా మారలేదు. దెబ్బలు తిని వచ్చిన స్త్రీకి 'నీ సిలువ నువ్వు మోయాలమ్మా' అని చెప్పే పెద్దలు ఇప్పటికీ ఉన్నారు.

ఇక్కడే లూకా వాక్యాన్ని మళ్లీ తెరవాలి. గోపురం కట్టేవాడు *ముందుగా కూర్చుని* లెక్క చూసుకుంటాడు. తెలిసి, ఎంచుకుని చెల్లించేదే శిష్యత్వపు మూల్యం. మొగుడి తాగుడుకో, ప్రభుత్వ ఉత్తర్వుకో, ఊరి కులానికో బలవంతంగా చెల్లించేది సిలువ కాదు, జుల్మానా. ఈ రెండింటినీ కలిపేసి స్త్రీ సహనాన్ని భక్తిగా కీర్తించే ప్రసంగం బాన్‌హోఫర్ తిట్టిన చవకబారు కృపకంటే మెరుగైనదేమీ కాదు. అక్కడ క్షమాపణ పురుషుడికి ఉచితం, ఖర్చు స్త్రీది.

అలాగని స్త్రీలు మోసపోయి చేరారని అనడం వాళ్లను మళ్లీ అవమానించడమే. అక్షరం, పాట, పదిమందిలో నిలబడి గొంతెత్తి ప్రార్థించే చోటు వాళ్లకు అక్కడ దొరికాయి. 2013లో మన రాయలసీమలోనే, నంద్యాల అధ్యక్ష మండలంలో, ఇ. పుష్పలలిత దక్షిణ ఇండియా సంఘానికి తొలి మహిళా బిషప్ అయ్యారు. కట్టిన మూల్యానికి ఫలితం లేకపోలేదు.

నవలలోని రూతుకు ఆ పేరిచ్చిన బైబిలు రూతు కూడా ఒక శిష్యురాలే. మోయాబు దేశాన్నీ తన దేవతలనూ వదిలి ఆమె వెంట వెళ్లింది ఏ పురుషుడినీ కాదు, అత్త నయోమిని. వద్దని వారించినా, తెలిసే, ఎంచుకునే వెళ్లింది. పరాయివాళ్ల పొలంలో పరిగె ఏరుకుని ఇద్దరి కడుపూ నింపింది. పరిగె ఏరడం మా వైపు స్త్రీలకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఆ అమ్మలు, అమ్మమ్మలు ఇంకా మన మధ్య ఉన్నారు. వాళ్ల రెండు పేర్లూ అడిగి తెలుసుకుని, వాళ్ల మాటల్లోనే రాసుకోవాల్సిన పని మనది.