కొమ్ములున్న మనిషి కథ ఎవరు చెప్పాలి?

మనిషి ఒళ్లు, ఎద్దు తల. ఇలాంటి పాత్ర చాలా దేశాల కథల్లో ఉంది. ఎక్కువసార్లు అతను చావడానికే కథలోకి వస్తాడు. ఎందుకని? బడిలో ఈ కథలు చెప్పే టీచర్లు, రేపు కథలు రాయబోయే మన యువత ఈ ప్రశ్న వేసుకోవాలని మేము అనుకుంటున్నాం.

గ్రీకుల మినోటార్ కథ చూద్దాం. క్రీట్ దీవి రాజు మినోస్. సముద్ర దేవుడికి బలిస్తానని చెప్పి తెప్పించుకున్న తెల్లని ఎద్దును అతను దాచుకున్నాడు. దేవుడి కోపంతో రాణికి ఆ ఎద్దు మీద మోహం కలిగింది, ఎద్దు తలతో బిడ్డ పుట్టాడు. మాట తప్పింది రాజు, శిక్ష పడింది బిడ్డకు. బయటికి దారి దొరకని కట్టడంలో అతన్ని బంధించారు. ఏథెన్స్ నుంచి ఏడుగురు అబ్బాయిలను, ఏడుగురు అమ్మాయిలను తెప్పించి అతనికి ఆహారంగా వేశారు. చివరికి ఏథెన్స్ రాకుమారుడు థీసియస్ వచ్చి అతన్ని చంపి వీరుడయ్యాడు. ఆ బిడ్డకు ఆస్టెరియస్ అనే పేరు ఉంది. కానీ లోకానికి తెలిసింది మినోటార్ అనే పేరే. అంటే మినోస్ ఎద్దు. సొంత పేరు పోయి యజమాని పేరు మిగిలింది.

1947లో అర్జెంటీనా రచయిత బోర్హెస్ ఈ కథను ఆస్టెరియస్ నోటితోనే చెప్పించాడు. అందులో అతను తన ఇంటి గురించి, ఒంటరితనం గురించి, తనను విడిపించే వాడి కోసం ఎదురుచూడడం గురించి చెబుతాడు. తనవల్ల చచ్చినవాళ్లను దాచడు. చివర్లో థీసియస్, అతను పెద్దగా ఎదిరించలేదని ఆశ్చర్యపోతాడు. సంఘటనలు పాతవే. చెప్పే గొంతు మారేసరికి చావుకు అర్థం మారిపోయింది.

మన దేశంలో ఇలాంటి పాత్ర మహిషాసురుడు. మార్కండేయ పురాణంలోని దేవీ మాహాత్మ్యంలో అతను దున్నలోంచి సగం బయటికి వచ్చినప్పుడు దేవి చేతిలో చస్తాడు. మామల్లపురంలో 7వ శతాబ్దపు పల్లవుల శిల్పంలో మాత్రం దున్నతల మనిషిగా, చేతిలో గదతో ఇంకా నిలబడే ఉన్నాడు. జార్ఖండ్‌లో ఇనుము కరిగించడం తరతరాల వృత్తిగా ఉన్న అసుర్ ఆదివాసులు మహిషాసురుణ్ణి తమ పూర్వీకుడిగా చెప్పుకుంటారు. దసరా రోజుల్లో ఊరంతా పండగ చేసుకుంటుంటే వారిలో కొందరు దుఃఖం పాటిస్తారు. ఒకరి విజయగాథ ఇంకొకరి ఇంట్లో చావు కబురు.

కొమ్ములు మనకు కొత్త కాదు. మన కొమ్ము కోయలు అడవిదున్న కొమ్ములు తలకు కట్టుకుని పండగల్లో ఆడతారు. బస్తర్‌లో మాడియా గోండులూ అలాగే ఆడతారు. ఇంగ్లీషు అధికారి గ్రిగ్సన్ 1938లో అచ్చయిన పుస్తకంలో ఆ మాడియాలను ‘అడవిదున్న కొమ్ముల మాడియాలు’ అని రాశాడు. మళ్లీ బయటివాళ్లు పెట్టిన పేరే. ఆడేవాడికి ఆ కొమ్ములు గౌరవం. చూసేవాడికి వేషం. మంత్రులు వచ్చినప్పుడు స్వాగతానికి నిలబెట్టే అలంకారంగా వాటిని చూడడం కూడా మనిషి పేరు తుడిచెయ్యడమే.

పురాణంలోని దున్న, గ్రీకుల ఎద్దు, మన అడవిదున్న ఒకటే అని మేము అనడం లేదు. అలా కలిపేస్తే అది విమర్శ కాదు, నినాదం అవుతుంది. రాక్షసుణ్ణి దేవుణ్ణి చేసి, దేవతను రాక్షసిని చేసినా కథ తలకిందులవుతుంది గానీ లోతు పెరగదు. బోర్హెస్ ఆ పని చెయ్యలేదు. కొమ్ములున్నవాడికి ఒక ఇల్లు ఇచ్చాడు, ఒక గొంతు ఇచ్చాడు.

కాబట్టి టీచర్లకు మా మనవి: ఈ కథలు చెప్పినప్పుడు, చచ్చినవాడి తల్లి ఏమని చెబుతుందో పిల్లలను అడగండి. రాసే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట: మీ ఊళ్లో కొమ్ములు కట్టుకునే తాతల దగ్గర కూర్చోండి. ఆ కొమ్ములు ఎవరి నుంచి వచ్చాయి, ఎవరికి ఇస్తారు, ఎప్పుడు కట్టకూడదు అని అడిగి రాసుకోండి. మనం రాయకపోతే థీసియస్ చెప్పిన కథే మన పిల్లలకూ మిగులుతుంది.