బడ్జ్ బడ్జ్ కృపాణం చూపనిది

కోల్‌కతాకు దిగువన హుగ్లీ ఒడ్డున ఉన్న బడ్జ్ బడ్జ్‌లో కొమగటా మారు అమరుల స్మారకం ఉంది. పైకి లేచిన కృపాణం ఆకారంలో కట్టిన ఈ స్మారకాన్ని 1952లో ప్రధాని నెహ్రూ ప్రారంభించారు. ఊరివాళ్లు దీన్ని ‘పంజాబీ మాన్యుమెంట్’ అంటారు.

అమరుల గుర్తుగా కత్తి తగునా? బౌద్ధులమైన మాకు మొదట తోచే ప్రశ్న ఇదే. కానీ సిక్కులకు కృపాణం హింసకు గుర్తు కాదు, బలహీనులకు అండగా నిలిచే ధర్మానికి గుర్తు. ఆ ఓడలో అత్యధికులు సిక్కులే. వారి విశ్వాస చిహ్నంతో వారిని తలచుకోవడం తప్పు కాదు. మా అభ్యంతరం వేరు.

1914లో కొమగటా మారు 376 మందితో కెనడాలోని వాంకూవర్ చేరింది. వారిలో ముస్లింలు, హిందువులు కూడా ఉన్నారు. రెండు నెలలు రేవులోనే ఆపి, కొద్దిమందిని తప్ప అందరినీ తిప్పి పంపారు. సెప్టెంబర్ 29న బడ్జ్ బడ్జ్‌లో దిగిన వారిని పంజాబ్ రైలెక్కమని బ్రిటిష్ ప్రభుత్వం ఆజ్ఞాపించింది. చాలామంది ఒప్పుకోక కోల్‌కతా వైపు నడిచారు. వారిని వెనక్కి మళ్లించాక జరిగిన కాల్పుల్లో సుమారు 20 మంది ప్రయాణికులు చనిపోయారు.

వారిని అడ్డుకున్న నిబంధనల్లో ఒకటి 1908 నాటిది. స్వదేశం నుంచి మధ్యలో ఆగకుండా నేరుగా వచ్చినవారికే ప్రవేశమని దాని సారాంశం. అందులో జాతి పేరు లేదు. భారత్ నుంచి అలా నేరుగా వెళ్లే ఓడా లేదు. న్యాయశాస్త్రం చదివిన మాకు ఈ కిటుకు కొత్త కాదు. అద్దె ఇంటికి వెళ్తే ‘శాకాహారులకే’ అంటారు, కులం పేరెత్తరు. అందరికీ ఒకటే రూలు, తలుపు మాత్రం కొందరికే మూసుకుంటుంది.

కృపాణం ధైర్యాన్ని చూపుతుంది, అన్యాయం పనిచేసిన తీరును చూపదు. ఓడలోని ముస్లింలు, హిందువులు ఆ ఆకారంలో కనపడరు. ‘పంజాబీ’ అన్న పిలుపుతో అది ఎక్కడివాళ్లదో దుఃఖమైపోయింది.

అమరావతి తొలి శిల్పులు బుద్ధుడి రూపానికి బదులు ఖాళీ ఆసనాన్ని, పాదముద్రలను చెక్కారు. చూసేవారు ఆగి ఆలోచించడానికి చోటు వదిలారు. బడ్జ్ బడ్జ్‌లోనూ అలాంటి చోటు కావాలి.

కృపాణాన్ని తొలగించమని మేము అనం. దాని పాదాల వద్ద ఆ 1908 నిబంధనను బెంగాలీలో, పంజాబీలో రాతిమీద చెక్కించాలి. దాన్ని చదివిన వారు తమ ఊళ్లో అలాంటి రూలు ఏదో గుర్తుపట్టగలగాలి.